ఆవులింత శాస్త్రిగారి దగ్గర పైచదువు

గోదావరి మీద రైలు వంతెనకి ఇంకా స్తంభాలు లేస్తున్న రోజుల్లో, బి.ఏ. ప్యాసైనవాడికి తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా, పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, గేదె పాలివ్వడం మానేసినా ముందు బి.ఏ. గారిని అడిగేవారు. బి.ఏ. గారు గడ్డం నిమురుకుని ఏదో ఒకటి సెలవిచ్చేవారు. రోగి బతికితే అది చదువు మహిమ, బతక్కపోతే వాడి కర్మ. అంత సుఖమైన కాలంలో నేను రాజమహేంద్రవరంలో బి.ఏ. ప్యాసయ్యాను, అదీ మూడో తరగతిలో. (మూడో తరగతి అని చెబితే మా అమ్మ, మొదటి తరగతి కన్నా పైదేనన్న మాట అనుకుని పొరుగింటి వాళ్ళకి చెప్పుకుంది. నేను దిద్దలేదు.)

నాకు సంగీతం వచ్చునన్న సంగతి నాకెలా తెలిసిందో ముందు చెప్పాలి. కాలేజీ వార్షికోత్సవంలో ప్రార్థన పాడవలసిన కుర్రాడికి సరిగ్గా ఆ వారమే గవదబిళ్ళలు లేచాయి. ఆ పాట మాటలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. లేచి పాడాను. వెనక వరసలో కూర్చున్న చెవిటి గుమాస్తాగారు కూడా తల ఊపారు. సభ అయ్యాక ప్రిన్సిపాలు దొర నా చెయ్యి పట్టుకుని "చాలా దూరం వినిపించింది" అన్నాడు. ఇంగ్లీషువాళ్ళు మెచ్చుకోలు పొదుపుగా వాడతారని మాకు క్లాసులో చెప్పి ఉన్నారు గనక, ఆ ఒక్క ముక్కలోంచి ఎంత పిండుకోవచ్చో అంతా పిండుకున్నాను. ఆ సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని గోదావరికి కూడా ఒక విడత వినిపించాను. బట్టలు ఉతుకుతున్నవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. పొద్దుగుంకుతోంది కదా, అందుకని వెళ్ళారనుకున్నాను.

మా నాన్నగారు నరసాపురం మునసబు కోర్టులో వకీలు. ఆయనకి లోకమంతా రెండు పార్టీలుగా కనిపించేది, అందులో ఒకటి ఆయన పార్టీ. భోజనాల దగ్గర మా అమ్మ పులుసులో ఉప్పు తక్కువైందని ఒప్పుకుంటే ఆయనకి నచ్చేది కాదు, వాదించడానికి ఏమీ మిగల్లేదని. ఓడిపోయిన కేసు ఆయన జీవితంలో లేదు. కొన్ని కేసులు అప్పీల్లో ఉండేవి, అంతే. నేను మద్రాసు వెళ్ళి బి.ఎల్. చదివి, తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చోవాలని ఆయన నిర్ణయం. నేను మాత్రం సంగీతంలో పైచదువు చదువుతానని చెప్పాను. నాన్నగారు చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుని "ఎక్కడ చదువుతావు" అని మాత్రం అడిగారు. అది మంచి ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా మద్రాసు మావయ్య దగ్గర ఉంది. ఈయన మా అమ్మకి తమ్ముడు. ఒకప్పుడు కంటికి పొర వస్తే వైద్యానికి మద్రాసు వెళ్ళి కొన్ని నెలలు అక్కడ ఉన్నాడు. అందులో చాలా భాగం కళ్ళకి గుడ్డ కట్టుకునే ఉన్నాడు గానీ, తిరిగొచ్చాక ఆ ఊళ్ళో ఆయన చూడనిది ఏదీ లేదు. "సంగీతానికి ఎమ్మే ఉందిరా. మద్రాసు యూనివర్సిటీ వాళ్ళే ఇస్తారు. నల్ల గౌను తొడిగి, మెడలో ఎర్ర పట్టీ వేస్తారు. నేను కళ్ళారా చూశాను" అన్నాడు. యూనివర్సిటీకి రాశాం. అటువంటి సబ్జెక్టు లేదని వాళ్ళు ఒక్క ముక్కలో జవాబిచ్చారు. నేను నీరుగారిపోయాను. మావయ్య చలించలేదు. "లేదన్నారు గానీ ఎప్పటికీ ఉండదనలేదుగా. వాళ్ళు పెట్టేనాటికి నువ్వు సిద్ధంగా ఉండద్దూ. ఈలోగా మంచి గురువుని చూసుకో. కాలేజీని చూసుకున్నట్టే చూసుకోవాలి. ఎన్నేళ్ళు చెబుతారు, ఏమేం చెబుతారు, చివర్న కాగితం ఏమైనా ఇస్తారా, అన్నీ అడిగి మరీ చేరాలి" అని ఉపదేశించాడు. గురువుని శిష్యుడు పరీక్ష పెట్టి తీసుకోవాలన్న ఈ పద్ధతి నాకు చాలా ఆధునికంగా తోచింది.

మొదట పరీక్షకి నిలబడ్డది రాజమహేంద్రవరంలో ఒక నాటక సమాజం హార్మోనియం మాస్టరు. ఈయన వేళ్ళు హార్మోనియం మీదా, కళ్ళు వీధిలో పోయేవాళ్ళ మీదా ఉండేవి. ఎన్నాళ్ళు చెబుతారండీ అని అడిగితే, "మీలాంటి చదువుకున్నోళ్ళకి ఎన్నాళ్ళేంటండీ, దసరాకి స్టేజీ ఎక్కించేస్తాను" అన్నాడు. నా గొంతు వినకుండానే నన్ను చేర్చుకున్నాడు. అందులో ఏదో మర్మం ఉందని బి.ఏ. చదివిన నాకు తట్టలేదు. మర్నాడు వెళితే ఆయన నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నడుం దగ్గర చేత్తో కొలిచి, "బాగుందండి, మా రాణీగారి చీర సరిగ్గా సరిపోతుంది. ఆ మీసం ఒక్కటీ తీయించుకు రండి" అన్నాడు. వాళ్ళ రాణీ వేషం కట్టేవాడికి కాకినాడలో ఉద్యోగం దొరికిందట. మా ఇళ్ళల్లో తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. ఆ మాటే చెప్పాను. మాస్టరు కాసేపు ఆలోచించి, "మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంటుందండీ" అని అడిగాడు. ఆయన మామూలుగానే అడిగాడు. నేను మాత్రం చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటపడ్డాను.

తర్వాత పియానో దొరసాని. ఈవిడ లూథరన్ మిషన్ బంగళాలో ఉండేది. అక్కడి పిల్లలకి పాటలు నేర్పేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి ఇంగ్లండు సీమ నుంచి సర్టిఫికెట్ తెప్పిస్తారని ఎవరో అన్నారు. సీమ సర్టిఫికెట్ అన్నాక ఇంక ఆలోచించడానికేముంది. బంగళా వరండాలో చెప్పులు విడిచి నిలబడ్డాను. దొరసాని తెలుగు బైబిలు చదివి మన భాష నేర్చుకున్న మనిషి. "కూర్చుండుము. నీవు ఏమి కోరి వచ్చితివి" అంది. అచ్చం దేవుడు ప్రత్యక్షమైనట్టుండి వరం అడగాలనిపించింది. సంగీతమని చెప్పాను. ఆవిడ పియానో మీద ఒక మెట్టు నొక్కి, అదే పాడమంది. పాడాను. ఇంకోసారి నొక్కింది. ఇంకా గట్టిగా పాడాను. పక్క గదిలో కుట్టుపని చేస్తున్న ఆడపిల్లలు తలుపు దగ్గరికి వచ్చి, నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. దొరసాని పియానో మూత మెల్లగా దించి, నా వంక ఎంతో దయగా చూసి, "నీకు గొప్ప స్వరము కలదు. దానిని ఎచ్చట ఉంచవలెనో నీకు తెలియదు. నీవు చిన్నపిల్లల తరగతిలో కూర్చుండుము" అంది. ఆ చిన్నపిల్లలు వరండా చివర చాప మీద ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడికి ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. పట్టభద్రుణ్ణి, వెళ్ళి వాడి పక్కన చాప మీద కూర్చోనా. ఆలోచించుకుని చెబుతానని లేచి వచ్చేశాను.

నేను ఆలోచించుకునే లోపల కబురు నాకన్నా ముందు పడవెక్కి నరసాపురం చేరింది. నేను ఇంటికి వెళ్ళేసరికి, నేను మతం పుచ్చుకున్నాననీ, దొరసాని నన్ను పెంచుకుంటోందనీ వీధి వీధంతా ఖాయం చేసేసింది. మా అమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి "పోనీ అన్నమైనా వేళకి పెడుతున్నారా నాయనా" అని అడిగింది. నాన్నగారు నన్ను కోర్టు గదిలోకి పిలిచారు. (మా ఇంట్లో పుస్తకాలున్న గదికి ఆ పేరు.) "అబ్బాయీ, నేను అడ్డు చెప్పనురా. అడ్డు చెబితే రేపు నా మూలాన గాయకుడివి కాలేదంటావు. మొగల్తూరు అవతల ఆవులింత శాస్త్రిగారున్నారు. ఆయన కన్నా పెద్ద విద్వాంసుడు ఈ చుట్టుపక్కల లేడని మీ మావయ్యే అంటాడు. రేపు ఇద్దరం వెళదాం. ఆయన నిన్ను శిష్యుడిగా తీసుకుంటానంటే నేను నోరెత్తను. తీసుకోనంటే నువ్వు లా కాలేజీకి వెళతావు. ఒప్పుకుంటావా" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ శాస్త్రిగారు అంతకుముందు పదిమందిని తిప్పి పంపేశారన్న సంగతి నాన్నగారికి తెలుసు, నాకు తెలియదు. అవతలి పార్టీకి అన్ని కాగితాలూ చూపించకపోవడం వకీళ్ళకి అలవాటే కదా.

ఆవులింత శాస్త్రిగారికి ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఆయన ఒక జమీందారుగారి కొలువులో ఉండేవారు. ఒకనాడు పాట మంచి పాకాన పడ్డ సమయంలో జమీందారుగారు ఆవులించారు. శాస్త్రిగారు పాట అక్కడే ఆపి, తంబురా భుజాన వేసుకుని, సెలవు కూడా పుచ్చుకోకుండా స్వగ్రామం వచ్చేశారు. కబుర్లంపినా, శాలువాలంపినా మళ్ళీ వెళ్ళలేదు. అప్పటినుంచీ ఆయన ఎదుట ఎవరికైనా ఆవులింత వస్తే వీధిలోకి వెళ్ళి ఆవులించి వచ్చేవారు.

మేం పడవ దిగి, ఇసక దారిన నడిచి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్నారు. సన్నగా, ఎండు చెరుకుగడలా ఉన్నారు. లోపల గుమ్మంలో ఆయన తల్లిగారు, బాగా ముసలావిడ, చేటలో బియ్యం చూసుకుంటోంది. నాన్నగారు పళ్ళూ తాంబూలం ఇచ్చి కూర్చున్నారు. నేను మావయ్య నేర్పిన ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. ఎన్నేళ్ళు పడుతుందండీ అంటే, "నాకింకా అవలేదు నాయనా" అన్నారు. సెలవులు ఎలాగండీ అంటే, "నేను పోయినప్పుడు పదమూడు రోజులు" అన్నారు. చివర్న సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా అంటే వక్క నోట్లో వేసుకుని నా వంక చాలాసేపు చూశారు. ఆ చూపులో ఏ సర్టిఫికెట్టూ కనిపించలేదు.

తంబురా తెచ్చి శ్రుతి చేసి, "ఏదీ, ఆధార షడ్జం" అన్నారు. ఊపిరంతా పోగుచేసి పాడాను. అవతల చెట్టు మీంచి కాకులు లేచిపోయాయి. శాస్త్రిగారు తీగల మీద అరచెయ్యి ఆనించి శబ్దం ఆపేసి, "వకీలు గారూ, అబ్బాయి గొంతు దివ్యంగా ఉందండి. ఏటికి అవతలి ఒడ్డున ఉన్న పడవని పిలవడానికి ఇంతకన్నా మంచి గొంతు దొరకదు. సంగీతానికి మాత్రం పనికిరాడు. తీసుకెళ్ళండి" అన్నారు.

నాన్నగారు ఏ మాట కోసం పడవెక్కి వచ్చారో ఆ మాట వచ్చేసింది. దణ్ణం పెట్టి లేవడమే తరవాయి. నేను లేవబోయాను కూడా. నాన్నగారు లేవలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కోర్టులో అవతలి వకీలు నవ్వినప్పుడు అలా ఎర్రబడేవని తర్వాత విన్నాను.

"పనికిరాడని ఏ ఆధారం మీద సెలవిస్తున్నారండీ" అన్నారు.

"విన్నాను కదండీ."

"ఎన్ని స్వరాలు విన్నారు?"

"ఒకటి. అది తప్పింది."

"ఒక్క సాక్షిని విచారించి తీర్పు చెప్పే మునసబుని నా సర్వీసులో చూడలేదండి శాస్త్రిగారూ."

"తప్పిన స్వరం రెండోసారి వింటే ఒప్పవుతుందా అండీ" అన్నారు శాస్త్రిగారు, కాస్త చికాకుగా.

"నేర్పితే అవుతుందేమో. మీరు నేర్పలేదు కదా. అయితే తమరు పుట్టగానే శ్రుతిలోనే ఏడ్చారని మనవా?"

శాస్త్రిగారు ఏదో అనబోయారు. ఈలోగా గుమ్మంలోంచి ముసలావిడ చేట పక్కన పెట్టి అందుకుంది. "శ్రుతా, నా మొహమా. వీడికి ఎనిమిదో ఏడు వచ్చేదాకా మాటే తిరిగేది కాదు బాబూ. వీడు పాడితే వాళ్ళ నాన్న చెవులు మూసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు. నేనే బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టేదాన్ని, ఇంకొన్నాళ్ళు చూడండీ, ఇంకొన్నాళ్ళు చూడండీ అని."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నారు శాస్త్రిగారు.

"ఉండండి, సాక్షిని బెదిరించకూడదు" అన్నారు నాన్నగారు. ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించి, "అమ్మా, ఆ కొన్నాళ్ళూ చూడకపోతే ఏమయ్యేదంటారు" అని ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏమవుతుంది బాబూ, ఏ బళ్ళోనో పంతులయ్యేవాడు."

నాన్నగారు ఉత్తరీయం సర్దుకుని శాస్త్రిగారి వంక చూశారంతే. శాస్త్రిగారు తల్లిని చూశారు, నన్ను చూశారు, వక్క ఉమ్మేసి వచ్చి కూర్చున్నారు. "సరేనండి. ఒక ఏడాది ఇక్కడుండి తంబురా మీటాలి. నోరు తెరవకూడదు. ఏడాదయ్యాక పాడిస్తాను. శ్రుతి తప్పినప్పుడు తప్పిందని తనంతట తనకి తెలిస్తే, ఆ రోజు నుంచి పాఠం" అన్నారు.

ఇదంతా జరుగుతుండగా నా మనస్సు మారిపోయిందని ఎవరూ గమనించలేదు. ఆ దోమలూ, ఆ ఇసకా, ఆ సర్టిఫికెట్ లేకపోవడమూ చూశాక మద్రాసూ లా కాలేజీయే మేలనిపించాయి. పైగా నోరు తెరవకూడదట. నాన్నగార్ని పక్కకి పిలిచి, "నాన్నగారూ, మీ మాట కాదని తప్పు చేశాను. బి.ఎల్. చదువుతానండి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. "డిక్రీ చేతికొచ్చాక రాజీ ఏంటిరా. పెట్టె రేపటి పడవలో పంపిస్తాను" అన్నారు. ఆయన ఆ రోజు వెళుతుంటే నడకలో హుషారు చూడాలి. తాను గెలిచింది తన మీద తనే అని ఆయనకి పడవ సగం దూరం వెళ్ళాక గాని తట్టలేదట. అప్పుడు చాలాసేపు నవ్వుకున్నారని పడవవాళ్ళు చెప్పారు.

ఆ ఏడాది గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. తెల్లారకముందే లేచి తంబురా మీటేవాణ్ణి. మధ్యాహ్నం మీటేవాణ్ణి. మొదట్లో నాకు అది గానుగ తిరుగుతున్న చప్పుడులా ఉండేది. ముసలావిడ నాకు పెరుగన్నంలో రహస్యంగా మాగాయ టెంక వేసి, "ఇంకొన్నాళ్ళు చూడు నాయనా" అనేది. వానాకాలం వెళ్ళేసరికి తీగ సడలితే పళ్ళు పులిసినట్టయ్యేది. చలికాలంలో కాలవ మీద పడవవాళ్ళు పాడుకుంటూ పోతుంటే వాళ్ళలో ఎవరి గొంతు ఎక్కడ ఎంత దిగిందో అరుగు మీంచే తెలిసేది. ఈ మధ్యలో మద్రాసు మావయ్య చూడ్డానికొచ్చి, శాస్త్రిగారి ఎదుట ఆవులించి, మధ్యాహ్నం పడవకే వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగింది. శాస్త్రిగారు తంబురా తాను తీసుకుని, "ఏదీ" అన్నారు. నోరు తెరిచాను. అదే గొంతు, కాలేజీ హాల్లో దూరం వినిపించిన గొంతు. నాకు మొదటిసారి వినిపించింది. అది శ్రుతికి కాస్త కింద, వీధి తలుపు తెరిచి ఉన్నా లోపలికి రావడానికి మొహమాటపడే చుట్టంలా, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎంత తోసినా లోపలికి రాలేదు. మధ్యలోనే ఆపేశాను. శాస్త్రిగారి మొహంలో అంత సంతోషం అంతకుముందెప్పుడూ చూడలేదు. "తెలిసిందా" అన్నారు. తెలిసిందన్నాను. "ప్యాసయ్యావు. రేపటి నుంచి పాఠం."

"వద్దండి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆయనకి తెలుసు. నా గొంతు ఎలాంటిదో తెలుసుకునేంత విద్య నాకు అబ్బింది, దాన్ని బాగుచేసుకునేంత గొంతు అబ్బలేదు. ఆయన చాలాసేపు తీగలు అలా మీటుతూ కూర్చుని, "నీ తంబురా మాత్రం బాగుంటుందిరా. ఎక్కడ కచేరీ అయినా నా వెనక నువ్వే కూర్చోవాలి" అన్నారు. ఆ మరుసటి నెల లా కాలేజీలో చేరాను. ఇంటికొచ్చిన సెలవుల్లో, ఆ తర్వాత ప్రాక్టీసు పెట్టాక కూడా, ఆయన పోయేదాకా ఆయన వెనక నేనే కూర్చున్నాను. సభలో ఎవరూ తంబురావాడి వంక చూడరు. అది నాకు చాలా హాయిగా ఉండేది. మధ్యమధ్య ఆయన ఒక స్వరం దగ్గర ఆగి, కొద్దిగా వెనక్కి తల తిప్పేవారు. అది శ్రుతిలో పడిందో, వెంట్రుకవాసి దిగిందో మా ఇద్దరికే తెలిసే సంగతి. నేను మళ్ళీ నోరు తెరిచి పాడింది లేదు. పెళ్ళిలో మా ఆవిడ తరఫువాళ్ళు బలవంతపెట్టినా పాడలేదు. గొప్ప గర్వమని వాళ్ళలో పేరొచ్చింది.

మొన్న ఒక మధ్యాహ్నం మా మనవరాలు నిద్రకి పేచీ పెడుతోంది. ఇంట్లో ఆడవాళ్ళందరూ పేరంటానికి వెళ్ళారు. ఉయ్యాల ఊపాను, కథ చెప్పాను, బతిమాలాను. చివరికి గత్యంతరం లేక, వీధి తలుపు వేసి వచ్చి, ఒక జోల ఎత్తుకున్నాను. ప్రతి స్వరం ఎంత కింద పడుతోందో వినిపిస్తూనే ఉంది. చెవులు మూసుకుందామంటే ఒక చెయ్యి ఉయ్యాల మీద ఉంది. పిల్ల మాత్రం ఏడుపు ఆపి, నా మొహంలోకి కళ్ళు విప్పార్చుకుని చూసి, "ఇంకా" అంది. అరవై ఏళ్ళ వయస్సులో నాకు దొరికిన మొదటి శ్రోత అది. ఇంకా పాడాను. అది నిద్రపోయింది. (ఆత్మరక్షణకేమో, చెప్పలేను.) అది నిద్రపోయాక కూడా ఆ పాట చివరి చరణం మిగిలిపోయిందని, గొంతు తగ్గించి, మెల్లగా పూర్తిచేశాను.